ఐదో రకాతుకు ఎవరూ లేవలేదు

స్తంభం లేకుండా ఆకాశాన్ని నిలబెట్టినవాడికి, రెక్కలు చాచిన పిట్టను గాలిలో పట్టుకుని ఉన్నవాడికి, మతిమరుపు మనుషులను చేసి కూడా వాళ్ళ మీద విసుగు తెచ్చుకోనివాడికి సకల స్తోత్రాలు. ఆయన నేర్పితే తప్ప మనకు ఏదీ తెలియదు. నాకు తెలిసింది మరీ తక్కువ. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే నేను విమానాల గురించి రాయబోతున్నాను, ఇంతవరకు నేను విమానం ఎక్కలేదు.

మామిడిపల్లి వైపు ఒక చిన్న మసీదులో నేను ఇమామును. ఐదు పూటలా నమాజు చేయిస్తాను. పొద్దున పిల్లలకు అరబ్బీ అక్షరాలు నేర్పిస్తాను. శంషాబాద్‌లో దిగే విమానాలు మా మినారుకు కాస్త పక్కగా పోతాయి, చప్పుడు మాత్రం సరిగ్గా మా మీదే పడుతుంది. శుక్రవారం ప్రసంగం మధ్యలో విమానం వస్తే ఆగుతాను. అది పోయాక మళ్ళీ అందుకుంటాను. మా జమాత్‌కు, అంటే నా వెనక నమాజు చేసేవాళ్ళకు, ఇది ఎంత అలవాటైందంటే, గాలి మారి విమానాలు అటువైపు నుంచి దిగిన ఒక శుక్రవారం మా మువజ్జిన్ నా దగ్గరికి వచ్చి, "ఇయ్యాల మమ్ములను ఊపిరి తీస్కోనియ్యలే హజ్రత్, జర పరేషాన్ అయినం" అన్నాడు.

మువజ్జిన్ అంటే అజాన్ ఇచ్చే, అంటే నమాజుకు పిలిచే మనిషి. ఈయన కొత్తూరు దగ్గరి పల్లెలో పుట్టాడు, వయసులో నాకంటే పెద్ద. నేనంటే ఆయనకు చాలా గౌరవం. అది ఆయన మాటల్లో కనపడదు.

మా చిన్నమ్మాయి ఈ చప్పుళ్ళ కిందే పెరిగింది. విమానం నడపడం నేర్చుకుంటానంటే సరేనన్నాం. ఆ కబురు తెలిసి జమాత్‌లో కొందరు నన్ను ఓదార్చడానికి వచ్చారు. మరికొందరు టికెట్లు తక్కువకు దొరుకుతాయా అని కనుక్కోవడానికి వచ్చారు. రెండు రకాల వాళ్ళకూ చాయ్ ఇచ్చాం. దేవుడి దయవల్ల ఆమె నేర్చుకుంది, ఒక విమాన కంపెనీ ఆమెను తీసుకుంది. అయితే వాళ్ళ పెద్ద విమానం చేతికివ్వడానికి ముందు ఇంకొక శిక్షణ ఉంటుంది. అది ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో ఒక పెద్ద హాలులో జరుగుతుంది. కాళ్ళ మీద నిలబెట్టిన ఒక గది, లోపల అచ్చం విమానం ముందు భాగం. అద్దాల్లో ఆకాశం కనపడుతుంది. సిమ్యులేటర్ అంటారు. నేను దాన్ని కదలని విమానం అనేవాణ్ణి. కదులుతుందని, ఎక్కడికీ పోదని ఆమె సరిదిద్దేది.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా వరండాలోనే కూర్చుంది. పరీక్ష తప్పిందట. ఇంజనుకు మంట అంటుకుంటే ఆర్పింది, పొగమంచులో దింపింది, తుఫానులోంచి బయటపడింది. ఒక్క దాంట్లో తప్పింది.

"దేంట్ల?" అన్నాను.

"ఇంకో విమానానికి తగలకుంట తప్పించుకునుడు."

"మిగతావాటి కన్న అదే ముఖ్యం గద బేటా."

"జీ అబ్బా" అంది, అంటే అవును నాన్నా అని.

వచ్చే వారం ఇంకొక్క అవకాశం ఇస్తారు. అందులోనూ తప్పితే బ్యాచ్ నుంచి తీసేస్తారు. చిన్నప్పటి నుంచి పైకి చూస్తూ నడిచి గుమ్మాలకు తల కొట్టుకున్న పిల్ల. ఇంకే పనికీ తనను తాను ఊహించుకోలేదు.

అసలు సంగతేమిటో ఆమె నాకు చాలా ఓపికగా చెప్పింది. ప్రతి పెద్ద విమానంలోనూ ఒక పెట్టె ఉంటుంది. టీకాస్ అంటారు. అది చుట్టుపక్కల విమానాలను ఆగకుండా పలకరిస్తూ ఉంటుంది: నువ్వెక్కడ, ఎంత ఎత్తులో ఉన్నావు? అవతలి విమానంలోని యంత్రం జవాబిస్తుంది. రెండూ మరీ దగ్గరికి వస్తున్నాయని లెక్క తేలితే పెట్టె మొదట "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది. అది హెచ్చరిక మాత్రమే, చూసుకొమ్మని. ఇంకా దగ్గరికొస్తే ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞ పేరు ఆర్‌ఏ. పక్కకు తిరగమని ఎప్పుడూ అనదు, పైకి పొమ్మనో కిందికి దిగమనో అంటుంది. రెండు విమానాల పెట్టెలూ ముందే తమలో తాము మాట్లాడుకుంటాయి, ఇద్దరూ ఒకే దిక్కుకు పోకుండా. నిన్ను పైకి పొమ్మంటే అవతలివాణ్ణి కిందికి దిగమంటుంది.

"మరి కంట్రోలర్ ఉంటడు గద, టవర్ల కూసోని చెప్పెటాయన?"

"ఎప్పుడూ ఆయన మాటే వినాలె అబ్బా. ఈ కొన్ని క్షణాలే పెట్టె మాట. పెట్టె ఏం చెప్పిందో ఆయనకు తెల్వది. తెల్వక ఉల్టా చెప్తే గూడ మనం పెట్టె చెప్పిందే చెయ్యాలె. ఆపద పోయిందని పెట్టె అన్నంక మళ్ళ ఆయన మాటే."

"పెద్దమనిషి మాట కాదని పెట్టె మాటా?"

"మనం ఎదురు పోతే అవతలి పైలట్ మోసపోతడు. ఆయన మనల్ని నమ్ముకొని దిగుతున్నడు."

ఇంత బాగా తెలిసిన పిల్ల ఎలా తప్పిందంటే, పరీక్ష పెట్టినాయన కోస్తా నుంచి వచ్చిన రిటైర్డ్ కెప్టెన్. ఆమె వెనక కూర్చుని కంట్రోలర్ గొంతు ఆయనే పలుకుతాడు. పెట్టె "క్లైంబ్, క్లైంబ్" అంది, అంటే పైకి పొమ్మని. అదే క్షణంలో వెనక నుంచి కెప్టెన్ బరువైన గొంతుతో వెంటనే దిగమన్నాడు. మా అమ్మాయి "జీ" అని దిగింది. అవతలి విమానం కూడా దిగుతోంది. తెర ఎర్రబడి ఆగిపోయింది.

"అమ్మా, మీరిప్పుడు రెండు విమానాలు కూల్చారు" అన్నాడట ఆయన. "రండి, కాఫీ తాగుదాం."

కాఫీ తాగాక ఇంకో ప్రశ్న అడిగాడట. "ఇందాక 'జీ' అన్నారు. రేడియోలో ఆ మాట లేదండీ. ఎవరితో అన్నారు?"

ఎవరితో అందో నాకు తెలుసు. మా ఇంట్లో వెనక నుంచి పెద్దవాళ్ళ గొంతు వినపడితే ముందు జీ అంటారు, తర్వాత కదులుతారు, కారణం ఆ తర్వాత ఎప్పుడైనా అడుగుతారు. అలా పెంచింది మేమే. ఆ పెంపకం మీద నాకు ఇప్పటికీ ఫిర్యాదు లేదు. నేల మీద అది బాగానే పనిచేస్తుంది.

మరునాటి నుంచి మా ముందు గదిలో సాధన మొదలైంది. అమ్మాయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చేతిలో పప్పు గుత్తి, అది విమానం కడ్డీ. వెనక్కి లాగితే పైకి, ముందుకు తోస్తే కిందికి. నేను వెనక నిలబడ్డాను, కంట్రోలర్‌ని. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమె పెట్టె.

"'పైకి, పైకి' అని రెండుసార్లే అనాల్నా?" అంది నా భార్య.

"రెండుసార్లే అమ్మీ."

"ఈ ఇంట్ల నా మాట రెండుసార్లకు ఎవరు విన్నరే?" అని, గొంతు సర్దుకుని, "పైకి, పైకి" అంది.

"దిగు! వెంటనే దిగు!" అన్నాను నేను. మైకు లేకుండానే మసీదు చివరి వరస దాకా వినపడే గొంతు నాది.

"జీ" అంది అమ్మాయి. గుత్తి ముందుకు పోయింది.

"చూసినవా?" అంది నా భార్య. "మోసింది నేను, కన్నది నేను. మాట మాత్రం ఆయనది వినవడ్తది." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు గూడ బాలాపూర్ లడ్డు వేలంల ఒర్లినట్టు ఒర్లితె పిల్ల ఏం చేస్తది?"

గొంతు తగ్గించి చూశాను. మెల్లగా చెబితే ఆమె ఇంకా తొందరగా వింది.

రెండు మూడు రోజులకు జీ అనడం మానింది. నేను దేవుడికి శుక్రియా చెప్పుకున్నాను. అప్పుడు ఇంకొక జబ్బు బయటపడింది. నేను దిగు అనగానే ఆమె దిగేది కాదు, మాట్లాడేది. "సర్, మాఫ్ చెయ్యండి, మీరు చెప్పింది కరెక్టే గానీ మా మిషన్ ఏమంటున్నదంటే..." గుత్తి అటూ ఇటూ కాకుండా మధ్యలో నిలబడి ఉండేది.

"ఇగ మీ సలాం దువా అయ్యేసరికి రెండు విమానాలు ఖతం" అంది పెట్టె.

కంట్రోలర్‌కు చెప్పాల్సింది ఒక్కటే మాట అట: "టీకాస్ ఆర్‌ఏ." అంతే. అది వినగానే ఆయన పక్కకు తప్పుకోవాలి. ఆయన మళ్ళీ ఏమన్నా అంటే, "అనేబుల్, టీకాస్ ఆర్‌ఏ" అనాలి. వీలుకాదని అర్థం. క్షమాపణకు అందులో చోటు లేదు. అమ్మాయికి అదే కొరుకుడు పడలేదు.

"పెద్దాయన చెప్తుంటే వీలుకాదని మొకం మీద అనుడు బేఅదబ్ కాదా అబ్బా?" అని అడిగింది.

బేఅదబ్ అంటే మర్యాద తప్పడం. అది చెడ్డదని నేర్పినవాణ్ణి నేనే. ఆలోచించి చెప్తానన్నాను. ఇమాము ఆలోచించి చెప్తానంటే ఆయనకు తెలియదని మా జమాత్ మొత్తానికీ తెలుసు.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం జొహర్ నమాజు చేయిస్తున్నాను. నమాజులో ఒక్కొక్క ఆవృత్తిని రకాతు అంటాం. నిలబడి, వంగి, నేలకు నుదురు ఆనించి లేస్తే ఒకటి. జొహర్‌కు నాలుగు. నాలుగూ అయ్యాయి, చివర కూర్చోవాల్సిన చోట కూర్చున్నాను. ఇక కుడికీ ఎడమకీ తల తిప్పి సలాం చెప్పడమే మిగిలింది. అప్పుడు పైన విమానం పోయింది. ఆ చప్పుడుతో పాటు నా మనసు మా ముందు గదికి, పప్పు గుత్తి దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేసరికి "అల్లాహు అక్బర్" అని నేను నిలబడి ఉన్నాను.

జొహర్‌లో ఐదో రకాతు లేదు.

వెనక నుంచి మువజ్జిన్ "సుబ్‌హానల్లాహ్" అన్నాడు. దేవుడు పవిత్రుడని అర్థం. ఇమాము మరిచిపోతే వెనకవాళ్ళు ఆ మాట అంటారు, ఇంకేమీ అనరు. విన్నాను. కానీ నా లెక్కలో అది మూడోదే, ఆ లెక్క మీద నాకు గట్టి నమ్మకం ఉంది. చేతులు కట్టుకుని పఠనం మొదలుపెట్టాను.

అప్పుడు ఒకటి గమనించాను. జమాత్ లేస్తే ఒక చప్పుడు వస్తుంది. మోకాళ్ళు టిక్కుమంటాయి, బట్టలు రెపరెపలాడతాయి, ముసలివాళ్ళు అరచేయి నేలకు ఆనించి ఒక నిట్టూర్పు విడుస్తారు. ఇన్నేళ్ళుగా నా వెనక ఆ చప్పుడు వింటున్నాను. ఆ రోజు అది రాలేదు. ఒక్క మోకాలు కూడా టిక్కుమనలేదు. మసీదంతా కూర్చుని ఉంది, నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను.

"సుబ్‌హానల్లాహ్" అన్నాడు మువజ్జిన్ మళ్ళీ. స్టేజీ దాటిపోయిందని కండక్టర్‌కు చెప్పే గొంతుతో.

కూర్చున్నాను. మరుపుకు చేయాల్సిన రెండు సజ్దాలు చేసి, అంటే రెండుసార్లు నుదురు నేలకు ఆనించి లేచి, సలాం చెప్పాను. వెనకవాళ్ళందరూ నాతో పాటే చేశారు, ఏమీ జరగనట్టు.

బయట చెప్పుల దగ్గర మువజ్జిన్ నన్ను పట్టుకున్నాడు. "ఏంది హజ్రత్, ఇయ్యాల నాలుగుకు ఒకటి ఫ్రీనా?"

"ఒక్కరు గూడ లేవలేదే" అన్నాను.

"ఎందుకు లేస్తం? మీరు మర్చిపోతె మేం గూడ మర్చిపోవాల్నా?"

ఇంటికొచ్చి అన్నం దగ్గర ఇదంతా చెప్పాను. నా భార్య నవ్వింది. అమ్మాయి నవ్వలేదు.

"ఇమాం కన్న ముందు తల ఎత్తినా తప్పని మీరే చెప్పిన్రు గద అబ్బా?"

"ఔ బేటా. ఆయన వంగితె వంగాలె, లేస్తె లేవాలె."

"మరి ఐదోదానికి?"

"ఐదోదానికి లేవొద్దు. కూసొనే ఉండాలె. ఆయన మళ్ళ వాపస్ వచ్చేదాక చూడాలె. వచ్చినంక మళ్ళ ఆయన ఎనుకే సలాం."

"గట్ల కూసున్నోళ్ళు బేఅదబ్ కారా?"

"ఎట్లయితరు? కావాల్నని లేస్తెనే నమాజు ఖరాబైతది."

"మాఫ్ చెయ్యండి హజ్రత్, మీరు జర మర్చిపోయిన్రు, అని గూడ అనరా?"

"గట్లంటె వాళ్ళ నమాజు పోతది. సుబ్‌హానల్లాహ్. గంతే. ఆ ఒక్క మాటనే."

చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టి ఆమె కాసేపు నన్నే చూసింది. నేను చాలా ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాను, ఎవరూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

"అమ్మీ, గుత్తి ఇయ్యి" అంది.

"పప్పుల ఉన్నదే."

"కడుగు అమ్మీ."

అన్నం పళ్ళేలు అలాగే ఉండగా సాధన మొదలైంది. "పైకి, పైకి" అంది నా భార్య. నేను బాలాపూర్ స్థాయిలో అరిచాను. "టీకాస్ ఆర్‌ఏ" అంది అమ్మాయి. గుత్తి వెనక్కి వచ్చింది. మళ్ళీ అరిచాను. "అనేబుల్, టీకాస్ ఆర్‌ఏ." గుత్తి కదలలేదు. నేను నీ తండ్రిని చెప్తున్నాను దిగు అన్నాను. అది పరీక్షలో లేని మాట, కానీ నోట్లోంచి వచ్చేసింది. ఆమె నుంచి ఏ చప్పుడూ రాలేదు.

"ఇగ చాలు, గండం గడిచింది" అంది పెట్టె.

అమ్మాయి గుత్తిని మధ్యకు తెచ్చి, వెనక్కి తిరిగి, "జీ అబ్బా, చెప్పండి" అంది.

మర్నాడు పొద్దున స్కూటర్ మీద ఆమెను దింపాను. లోపలికి నన్ను రానివ్వరు. ఎదురుగా చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాను. జేబులో తస్బీహ్ పూసలు తిప్పుతూ దువా చేశాను. కెప్టెన్ మనసు మెత్తబడాలని మాత్రం అడగలేదు. రేపు ఆమె వెనక మనుషులు కూర్చుంటారు, వాళ్ళకూ ఇళ్ళున్నాయి. ఆమెకు చేతకాకపోతే ఈ తలుపు మూసెయ్యి, చేతనైతే ఆమె చేతిని స్థిరంగా ఉంచు అని అడిగాను. మొదటి సగం అడగడం కష్టమైంది. చాయ్ చల్లారిపోయింది, ఇంకొకటి చెప్పాను, అదీ చల్లారింది.

ఆమె బయటికి వచ్చినప్పుడు పక్కన తెల్ల మీసాల పెద్దమనిషి ఉన్నాడు. ఆమె ముఖం చూసి ఫలితం పోల్చుకోలేకపోయాను, బురదలో నడిచే మనిషిలా అడుగుల మీదే చూపు పెట్టి వస్తోంది.

"అబ్బా," అంది దగ్గరికొచ్చి, "ఇయ్యాల పెట్టె కిందికి దిగమన్నది."

వారమంతా మా ఇంట్లో పెట్టె పైకి అనే అంది. ఒక్కసారి కూడా కిందికి అనలేదు. విమానం అంటే పైకి పోయేదే కదా అనుకున్నాం, ముగ్గురికీ తట్టలేదు.

"మరి నువ్వేం చేసినవ్?"

"దిగిన. పెట్టె ఏ దిక్కంటె ఆ దిక్కు. ఆయన పైకి పో, పైకి పో అని ఒర్లిండు." అని, పక్కన ఆయన ఉన్నాడని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

"మీరేనా అండీ నాన్నగారు?" అన్నాడు కెప్టెన్. "పాసయ్యారండీ మీ అమ్మాయి. రెండుసార్లు గట్టిగా చెప్పి చూశాను. చెప్పాల్సిన మాట చెప్పి ఊరుకుంది. మూడోసారి కోప్పడి కూడా చూశానండీ, ఉహూఁ, నేనక్కడ లేనట్టే. అంతా అయ్యాక 'ఏమ్మా, భయం వెయ్యలేదా' అంటే, ఐదోదానికి లేవకూడదండీ అంటుంది. ఏమిటండీ ఆ ఐదోది?"

చాయ్ బండి దగ్గరే నిలబడి చెప్పాను. నాలుగు రకాతుల సంగతి, గుత్తి సంగతి, టిక్కుమనని మోకాళ్ళ సంగతి. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మా ఊళ్ళో పూజలో తప్పు దొర్లితే పంతులుగారు మనల్నే కసురుతారండీ" అన్నాడు చివరికి. "ఆ వెనక నుంచి మాట అందించినాయన్ని ఒకసారి మా క్లాసుకు తీసుకొస్తారా?"

ఆ కబురు మువజ్జిన్‌కు చేరవేశాను. ఆయన గడ్డం సవరించుకుని, "రాను పోను ఆటో కిరాయి వాళ్ళదేనా?" అన్నాడు. ఇంకా పోలేదు. పోతాడు.

అమ్మాయి ఇప్పుడు కుడివైపు సీటులో, కో-పైలట్ చోట, కూర్చుని విమానాలు నడుపుతోంది. మా మీద నుంచి పోయే వాటిలో ఆమెది ఏదో కింద నుంచి నాకు తెలియదు. అందుకని అన్నింటికీ దువా చేస్తాను, ఏదో ఒకటి ఆమెకు చేరుతుంది. మువజ్జిన్ ఆ రోజు నుంచి మొదటి వరసలో సరిగ్గా నా వెనకే నిలబడుతున్నాడు. జొహర్‌లో నాలుగో రకాతు తర్వాత నేను కూర్చోగానే ఆయనకు చిన్న దగ్గు వస్తుంది. మిగతా పూటల్లో రాదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అమ్మాయి, అది "ట్రాఫిక్, ట్రాఫిక్" అబ్బా, అంది.

చదివిన మీరు ఇంత దూరం వచ్చారు కాబట్టి నాతో పాటు చేతులెత్తండి. మీరు ఎలా ప్రార్థిస్తారో అలాగే. ప్రభూ, ఆకాశంలో ఎదురెదురుగా వచ్చే ప్రతి ఇద్దరిలో ఒకరిని పైకి, ఒకరిని కిందికి మళ్ళించు. మరిచిపోయే మా వెనక మరిచిపోని మనుషులను కూర్చోబెట్టు. వాళ్ళు ఒక్క మాటతో గుర్తుచేస్తే దిగి కూర్చునే బుద్ధి మాకివ్వు. ఇప్పుడు గాలిలో ఉన్న పిల్లలందరినీ వాళ్ళ ఇళ్ళ నేల మీదికి దించు. మా మువజ్జిన్ మోకాళ్ళకు బలమివ్వు. గొంతుకు అక్కర్లేదు, అది చాలినంత ఇచ్చావు.

ఆమీన్ అనండి. కొంచెం గట్టిగా అనండి, పైన విమానం పోతోంది.